గోడ అవతల భాగ్యవతి గుర్రాలు

మా పక్కింటి భాగ్యవతి పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతుంది. ఆవిడ జన్మలో గుర్రం ఎక్కలేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండాలి. నాకు మండింది. అరసవల్లిలో ఇంకెవరికీ మండకపోగా, పిల్లల్ని ఆటోలెక్కించి మరీ పంపుతున్నారు.

నా పేరు అనంతపద్మనాభం, సంగీతం మాస్టారిని. మా తాతగారూ నాన్నగారూ దేవుడి సన్నిధిలో పాడారు. నేను పెరటి వసారాలో చాప వేసుకుని పిల్లలకు సరళీ వరుసలు చెబుతాను. నా వసారాకీ భాగ్యవతి గుర్రాలకీ మధ్య మనిషి ఎత్తు గోడ ఒకటుంది. అది చూపుకు అడ్డమే గాని వాసనకూ చప్పుడుకూ అడ్డం కాదు.

భాగ్యవతి వ్యాపారస్తుల కోడలు. భర్త ధర్మారావుకు సప్లయర్స్ దుకాణం ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు అద్దెకిస్తాడు. వాటితో పాటు పెళ్లికొడుకులు ఊరేగడానికి మూడు పొట్టి గుర్రాలు కూడా ఉండేవి. కొన్నాళ్లకు పెళ్లికొడుకులు గుర్రం దిగి, టాపు లేని కార్లెక్కడం మొదలుపెట్టారు. గుర్రాలు పెరట్లో గడ్డి తింటూ, గోడ మీద నేను ఆరేసిన పంచెల వంక చూస్తూ నిలబడ్డాయి. అమ్మేద్దామని ధర్మారావు అన్నాడు. రోజూ మేత వేసి, జూలు దువ్వి, వాటితో ఇంటి సంగతులన్నీ చెప్పుకునే భాగ్యవతి వద్దంది.

అదే రోజుల్లో దర్శనానికి వచ్చి లాడ్జిలో దిగిన ఒకాయన తన బాబును కాసేపు గుర్రం మీద కూర్చోబెట్టమని అడిగాడు. ఆ బాబు ఎక్కినవాడు దిగనని ఏడ్చాడు. మర్నాడు మరో ఇద్దరు వచ్చారు. నెల తిరిగేసరికి గేటుకు 'శ్రీ సూర్య రైడింగ్ స్కూల్' అని బోర్డు వేలాడింది.

"సూర్యభగవానుడికి ఏడు గుర్రాలమ్మా. నీకు మూడే కదా" అన్నాను, కాస్త ఎత్తిపొడుపుగానే.

భాగ్యవతి తొట్టి బోర్లించి, దాని మీద నిలబడి గోడ మీదుగా తల పెట్టింది. "ఆయన లోకమంతా తిరగాల పంతులుగోరూ. నాను పెరట్లోనే కదా తిరిగేది" అంది.

ఆ మూడింటి సంగతి కూడా చెప్పాలి. జిలేబి పేరుకు తగ్గట్టే, వదిలితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కలెక్టరు తెల్లగా, ఠీవిగా ఉంటాడు, ముగ్గురు బతిమాలితే గాని అడుగు తీసి అడుగు వేయడు. పిల్లల తల్లులు ఫోన్లలో "మా వాడు కలెక్టరు మీద కూర్చున్నాడు వదినా" అని గొప్పలు పోతుంటే వినలేక నేను లోపలికి పోయేవాణ్ణి. మూడోది చిన్నతల్లి. ముసలి ఆడగుర్రం. ఈ జిల్లాలో సగం మంది మొగుళ్లు దాని వీపు మీద నుంచే సంసారంలోకి దిగారు. అందుకేనేమో దాని మొహంలో ఎప్పుడూ ఒక జాలి కనబడుతుంది.

ఇన్ని గుర్రాలున్నా తను మాత్రం ఎందుకు ఎక్కదని ఎవరైనా అడిగితే భాగ్యవతి అత్తగారిని చూపించేది. చూపించడమంటే గోడకు దండేసిన ఫొటోని. పెళ్లికొడుకు ఎక్కే గుర్రాన్ని ఈ ఇంటి కోడలు ఎక్కకూడదని అత్తగారు గున్నమ్మ చెప్పిందట. చెప్పి చాలా ఏళ్లయింది. గున్నమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. మాట మాత్రం మిగిలింది.

ఎక్కకుండా ఎలా నేర్పుతుందంటారా? చేతిలో కర్ర పట్టుకుని మధ్యలో నిలబడుతుంది. పిల్లవాణ్ణి ఎక్కిస్తుంది. "ఈపు నిటారుగా ఎట్టు. మడాలు కిందకి దించు. గుర్రాన్ని సూడకు, దారి సూడు" అంటుంది. పిల్లలకు వచ్చేస్తుంది. ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు, అర్థం కానిదంటే నాకు మంట.

అసలు గొడవ వేళల దగ్గర వచ్చింది. నేను తెల్లవారగానే పాఠం మొదలుపెడతాను. ఆవిడా అప్పుడే మొదలుపెట్టింది. ఇవతల స-రి-గ-మ, అవతల టకటకా డెక్కలు. పిల్లలకు తాళం కుదరదు, నాకు మనసు కుదరదు. సరే, పెద్దవాణ్ణి నేనే తగ్గుదామని పాఠం ఎండెక్కాక పెట్టుకున్నాను. రెండు రోజులు ప్రశాంతంగా గడిచింది. మూడో రోజు ఎండెక్కాక గుర్రాలు బయటికి వచ్చాయి. సాయంత్రానికి మార్చాను. సాయంత్రానికి వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం, గుడికొచ్చిన జనంతో, ఆటోల హారన్లతో వీధంతా హోరెత్తుతున్న వేళ, ఎవరూ పాఠం చెప్పని వేళ పెట్టి చూశాను. ఆవిడ మండుటెండలో నెత్తిన తువ్వాలేసుకుని గుర్రాలను తోలుకొచ్చింది.

ఇది కక్ష కాకపోతే ఏమిటి? పైగా వెక్కిరింత ఒకటి. సరళీ వరుసను మొదట నెమ్మదిగా, తర్వాత దానికి రెట్టింపు వేగంలో, ఆ తర్వాత ఇంకా రెట్టింపులో పాడించడం మా పద్ధతి. నేను ఇవతల పిల్లలతో "రెండో కాలం ఎత్తుకోండి" అంటానా, అవతల నుంచి ఆవిడ గొంతు "రెండో కాలమర్రా, సర్దుకోండి" అని వినిపించేది.

వెళ్లి ధర్మారావును నిలదీశాను. అతను కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"మా ఆడదానికి సెప్పడం కంటే గుర్రానికి సెప్పడం సులువు పంతులుగోరూ" అన్నాడు. "ఆ గుర్రాలు మాత్రం నా మాట ఇంటాయేటి?"

మరో దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. మా అబ్బాయి కూతురు రాగసుధ, తన వంతు పాఠం కాగానే మాయమైపోయేది. హోంవర్కు చేసుకుంటోందని మా ఆవిడ లక్ష్మీకామేశ్వరి చెప్పేది. ఒక ఆదివారం పొద్దున్నే మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, చాలా మెల్లగా, "విజయనగరంలో ఇవాళ పిల్లల గుర్రపు స్వారీ పోటీలట. మన సుధ చిన్నతల్లి మీద పాల్గొంటోంది. మీరు కోప్పడతారని చెప్పలేదు. ఎలాగూ కోప్పడతారు కదా, అదేదో అక్కడికొచ్చి కోప్పడండి" అంది.

కోప్పడ్డాను. అయినా పిల్లను ఒంటరిగా పంపలేక వ్యానెక్కాను.

ఆ వ్యాను సప్లయర్స్ వారిదే. వెనక షామియానా గుడ్డలు పరిచి గుర్రాలను ఎక్కించబోయారు. కలెక్టరు ఎక్కనన్నాడు. జిలేబి ఎక్కి, లోపల తిరిగే చోటు లేదని దిగిపోయింది. చిన్నతల్లి ఒక్కటే నోరు మెదపకుండా ఎక్కి నిలబడింది. దాని పక్కన భాగ్యవతి, రాగసుధ, మా ఆవిడ. ముందు ధర్మారావు పక్కన నేను, నా ఒళ్లో మైకు సెట్టు.

దారిలో ధర్మారావు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. కోటబొమ్మాళిలో అతని బావ జగన్నాధానికి పెళ్లి ఊరేగింపుల వ్యాపారం ఉంది. పెద్ద డీజే బండి, దాని ముందు గుర్రాలు. మూడు గుర్రాలనూ ఇచ్చెయ్యమని ఏడాదిగా అడుగుతున్నాడు.

"సివరికి మా ఆడది, నాను ఒక మాట మీదకొచ్చాం. ఈయాల సిన్నతల్లి నలుగురి ముందు ఆగకుండా ఒక్క రౌండు తిరగాల. తిరిగిందా, మూడూ మన పెరట్లోనే ఉంటాయి. మద్దిలో ఆగిపోయిందా, రేపు కోటబొమ్మాళి బండి వస్తాది."

"ఒక్క రౌండేగా. ఆపాటి తిరగదా?" అన్నాను.

"ఇన్నాళ్లలో ఒక్క పాలి కూడా పూర్తిగా తిరగనేదు పంతులుగోరూ. సగంలో టక్కుమని ఆగిపోతాది. ఎందుకో ఆ సూర్యనారాయణకే తెలియాల." గేరు మార్చాడు. "అంతకుముందోపాలి జగన్నాధం దగ్గరికి ఎరువిచ్చాను. ఆ డీజే ముందు ఒక్క పెళ్లి చేసొచ్చింది. వచ్చాక రెండ్రోజులు గోడకి మొహమెట్టి నిలబడిపోనాది. గడ్డి ముట్టనేదు."

డీజే అంటే నాకూ అంతే. ఆ ఒక్క విషయంలో గుర్రానికీ నాకూ ఏకాభిప్రాయం కుదిరినందుకు నాకే చిరాకేసింది.

విజయనగరం మైదానంలో దిగేసరికి నా ధైర్యం కూడా జారింది. విశాఖపట్నం నుంచి వచ్చిన గుర్రాలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వాటి మీద పిల్లలు మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, మొహాల మీద నవ్వనేది లేకుండా కూర్చున్నారు. మా చిన్నతల్లి నుదుట పెళ్లిళ్ల నాటి అద్దాల పట్టీ, మెడలో కుచ్చులు. అవి తీసేస్తే దానికి సిగ్గని భాగ్యవతి తీయనివ్వలేదు. మా రాగసుధ రెండు జడలు పైకి కట్టి, వాటి మీద హెల్మెట్ కూర్చోక అవస్థ పడుతోంది.

నియమం చిన్నదే. మొదట నడక, తర్వాత చిన్న పరుగు, ఆ తర్వాత దౌడు. ఈ మూడూ కలిపి ఆగకుండా ఒక రౌండు. మా వంతు వచ్చేసరికి భాగ్యవతి మైకు సెట్టుకు తన ఫోను తగిలించి, జడ్జి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన మీసాలున్న పెద్దమనిషి.

"పాట నేకపోతే ఇది కదలదు బాబూ. ఎట్టుకోవచ్చా?"

"పెట్టుకోమ్మా" అన్నాడాయన మర్యాదగా.

ఏ సినిమా పాటో వస్తుందనుకున్నాను. స్పీకర్లలో నుంచి "స-రి-గ-మ-ప-ద-ని-స" అని ఒక పిల్లవాడి గొంతు, మొదటి కాలంలో, మాయామాళవగౌళ రాగంలో వచ్చింది. చిన్నతల్లి చెవులు నిక్కించి నడక మొదలుపెట్టింది. తాళానికి ఒక్క అడుగు తప్పలేదు. రెండో కాలం వచ్చింది. చిన్నతల్లి చిన్న పరుగందుకుంది. ఆ పిల్లవాడి గొంతు నాకు బాగా తెలిసినదిలా ఉంది. నా శిష్యుడు వెంకటసాయి. వాడి గాంధారం, అదే 'గ' స్వరం, ఎప్పుడూ కిందికి జారుతుంది. అదిగో, జారుతోందనుకుంటున్నాను, జారింది.

"ఆపు" అంది స్పీకరు, నా గొంతుతో. "ఆపమన్నానా? గాంధారమా అది? గుమ్మడికాయ జారిపడ్డట్టు ఉంది. మీ అమ్మ నిన్ను సంగీతానికి పంపిందా, నా మీదకి పంపిందా?"

చిన్నతల్లి టక్కున ఆగిపోయింది. రాగసుధ దాని మెడ మీదకు తూలి, ఎలాగో నిలదొక్కుకుంది. మైదానమంతా నవ్వు. విశాఖపట్నం పిల్లలు కూడా నవ్వారు. స్పీకరు ఆగలేదు. వెంకటసాయి మళ్లీ అందుకున్నాడు, చిన్నతల్లి మళ్లీ కదిలింది, నాలుగడుగులు వేసిందో లేదో నా గొంతు మళ్లీ "ఆపు" అంది. గుర్రం ఆగింది. దాని తర్వాత నేను వెంకటసాయి వంశాన్నంతా పలకరించిన భాగం జిల్లా ప్రజలందరూ శ్రద్ధగా విన్నారు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

నేను విసవిసా భాగ్యవతి దగ్గరికి నడిచాను. "నా పాఠం గోడ చాటున రికార్డు చేశావా?"

"సేసాను బాబూ." ఆవిడ తల దించుకోలేదు. "ఈటికి పెళ్లి బాండు మీద నడవడమే అలవాటు. పాట నేకపోతే రాయిలా నిలబడతాయి. మీరు పాఠం ఎత్తుకున్నారంటే కదిలేవి. ఒకటో కాలానికి నడక, రెండో దానికి పరుగు, మూడో దానికి దౌడు. నాకేటి తెలుసు గుర్రాలకి ఎలా నేర్పాలో? మీరు నేర్పారు, నాను కర్ర పట్టుకు నిలబడ్డాను. మీరు టైము మార్సినప్పుడల్లా అందుకే మార్సుకున్నాను."

"చెప్పొచ్చు కదా?"

"సదువుల తల్లి పాటకి గుర్రాల్ని తోలుతన్నావా అని కోప్పడి మీరు పాఠమే మానేస్తే?"

మానేసేవాణ్ణే. ఆ మాట పైకి అనలేదు. "పోనీ, రికార్డు చేసినదానివి నా తిట్లు లేనిది చేయలేకపోయావా?"

"ఆర్నెల్లు ఎతికాను పంతులుగోరూ. మీరు 'ఆపు' అనని పాఠం ఒక్కటీ దొరకనేదు. ఇందులో రెండు పాలే ఉన్నాది. అందుకే ఇది తెచ్చాను." చిన్నతల్లి జూలులో వేళ్లు పెట్టి దువ్వసాగింది. "రౌండు పూర్తిగా తిరగదు, తిరగదు అంటాడు మా ఆయన. మీరెప్పుడైనా వరస పూర్తిగా పాడనిచ్చారేటి, ఇది పూర్తిగా తిరగడానికి?"

నాకు కోపం రావాలి. కోపమే వస్తుందని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. చిన్నతల్లి నా చొక్కా జేబు వాసన చూసి, అందులో ఏమీ లేదని తెలుసుకుని, అయినా మూతి అక్కడే ఉంచింది. అవతల ధర్మారావు ఫోను తీసి, నెంబరు నొక్కకుండా దాని వంకే చూస్తున్నాడు. భాగ్యవతి ఏడవలేదు గాని, దువ్విన జూలునే మళ్లీ మళ్లీ దువ్వుతోంది.

జడ్జి గారు వచ్చి, పిల్ల తప్పు లేదు గనక ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. "ఆ పాట మాత్రం వద్దమ్మా" అన్నాడు నా వంక చూడకుండా.

"తాతయ్యా, నువ్వు పాడు" అంది రాగసుధ గుర్రం మీద నుంచి. "మధ్యలో ఆపకు. అంతే."

శ్రుతి పెట్టె లేకుండా నేను దేవుడి ముందు కూడా నోరు విప్పను. అలాంటివాణ్ణి, పెళ్లి భోజనాల దగ్గర అరిచే మైకు పట్టుకుని, గుర్రాల పేడ వాసనలో, కాళ్లకు చెప్పులతో సరళీ వరుస పాడాను. మొదటి కాలం బాగానే సాగింది. చిన్నతల్లి పేరంటానికి వెళ్లే పెద్దముత్తైదువలా నడిచింది. రెండో కాలం ఎత్తుకున్నాను. పరుగు. ఇందాక ఆగిపోయిన చోటు దాటింది. భాగ్యవతి కర్ర రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయింది.

మూడో కాలంలో గొంతు పట్టు తప్పింది. వయసు గొంతు, పైగా ఉదయం నుంచి తిట్టి ఉన్నాను. పై షడ్జం, అంటే చివరి 'స', అందలేదు. పిల్లి తోక తొక్కినట్టు ఒక కీచు వచ్చింది. మైకు దాన్ని మైదానం నలుమూలలకూ పంచింది. ఇన్నేళ్ల అలవాటు, నాలిక తనంతట తనే "ఆ..." అనేసింది. చిన్నతల్లి చెవులు గిర్రున నా వైపు తిరిగాయి. దౌడులో ఉన్న కాలు ఒక్క క్షణం తడబడింది. భాగ్యవతి కళ్లు మూసుకుంది.

నేను ఆ "ఆ"ను అలాగే పట్టుకుని రాగంలోకి లాగేశాను. ఎంత లాగానో నాకే తెలియదు. అది ఏ రాగమో కూడా తెలియదు, మా నాన్నగారు విని ఉంటే కొట్టేవారు. అక్కడి నుంచి మళ్లీ వరుసలోకి పడి, తప్పుడు షడ్జం మీద తప్పుడు షడ్జం వేసుకుంటూ చివరికంటా పాడాను. రౌండు పూర్తయింది. పాట ఆగింది. చిన్నతల్లి కుచ్చులు ఊపుకుంటూ ఆగి, పెళ్లి పందిరి ముందు ఆగినట్టే, ఎవరైనా బెల్లం ముక్క పెడతారేమోనని చుట్టూ చూసింది.

బహుమతి విశాఖపట్నం వాళ్లకే వచ్చింది. "గుర్రం చాలా బాగా శిక్షణ పొందిందమ్మా" అన్నాడు జడ్జి గారు భాగ్యవతితో. పాట గురించి ఏదో అనబోయి నా మొహం చూసి మానేశాడు.

ధర్మారావు అప్పుడు నెంబరు నొక్కాడు. "బావా, గుర్రాలు రావు. ఏటా? కుదరదు బావా. ఆటికి సంగీతం క్లాసు ఉన్నాది" అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే వసారాలో చాప వేశాను. ఆ రోజు ఒక్క వెంకటసాయే వచ్చాడు. శ్రుతి పెట్టె మోగుతోంది. గోడ అవతల డెక్కల చప్పుడు ఇంకా మొదలవలేదు. ఏదో గుసగుసలు, ధర్మారావు గొంతు "ఆ కాలు కాదే, ఈ కాలు" అనడం వినిపించాయి. తర్వాత గోడ పైన భాగ్యవతి తల లేచింది. తల తర్వాత భుజాలు కూడా లేచాయి. తొట్టి మీద నిలబడితే అంత ఎత్తు రాదు.

"ఎక్కేశావా?" అన్నాను. "మరి అత్తగారి మాట?"

"అత్తగోరు పాపం ఎప్పుడో పోనారు బాబూ. అది వంక." కొంగు నడుముకు బిగించుకుంది. మొహం పాలిపోయి ఉంది. "మీరు 'ఆపు' అన్నారంటే ఇది ఉన్నపాటున ఆగిపోతాది. పిల్లలు తేలిక, పట్టుకుంటారు. నానైతే ఎళ్లి గోడకి కొట్టుకుంటాను. ఆ బయంతోటే ఇన్నాళ్లూ ఎక్కనేదు."

నేను శ్రుతి పెట్టె కాస్త దగ్గరికి జరుపుకున్నాను.

"ఈయాల పూర్తిగా పాడనిస్తారేటి పంతులుగోరూ?"

"ఎత్తుకోరా" అన్నాను వెంకటసాయితో.

వాడు ఎత్తుకున్నాడు. భాగ్యవతి తల గోడ వెంట మెల్లగా సాగింది, బాదం చెట్టు వెనక మాయమైంది, మళ్లీ వచ్చింది. గాంధారం జారింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వెంకటసాయి అలవాటుగా పాట మింగి, తిట్ల కోసం భుజాలు ముడుచుకుని నా వంక చూశాడు. పాడమని తలాడించాను. వాడు ఇంకా భయపడి, ఇంకా పైకెత్తి, ఇంకా తప్పుగా పాడాడు. గోడ పైన ఆ తల రెండో చుట్టు తిరుగుతోంది. మొహంలోకి రంగొచ్చింది.

"రెండో కాలం ఎత్తుకోమనండి పంతులుగోరూ" అని అరిచింది భాగ్యవతి.